బీడు భూముల కల్నల్: గ్వాటెమాలా అధ్యక్షుడు హకోబో ఆర్బెన్స్

(గ్రంథాలయ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

మిత్రులందరికీ నమస్కారం. లాటిన్ అమెరికా అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది చే గెవారా. గోడల మీద చూశాం, టీషర్టుల మీద చూశాం. ఆ గెవారా 1954 జూన్‌లో ఎక్కడున్నాడో తెలుసా? గ్వాటెమాలా నగరంలో. ఇరవై ఆరేళ్ల వయసు. వైద్యం చదివాడు, చేతిలో ఉద్యోగం లేదు. అతని కళ్లముందే ఒక ప్రభుత్వం పది రోజుల్లో కూలిపోయింది. పాత సైన్యాన్ని అలాగే ఉంచుకుని విప్లవం నడపలేమని ఆయనకు అక్కడే తెలిసొచ్చింది. అయితే ఈ రోజు నేను మాట్లాడేది గెవారా గురించి కాదు. ఆ కూలిపోయిన ప్రభుత్వం ఎవరిదో ఆయన గురించి. పేరు హకోబో ఆర్బెన్స్. స్పానిష్ పేరు కాబట్టి ‘హ’తో మొదలవుతుంది, జాకబ్ అనుకోండి, తప్పేమీ లేదు.

ఈయన కథను సాధారణంగా రెండు రకాలుగా చెబుతారు. అమెరికా గూఢచారి సంస్థ ఒక అరటిపళ్ల కంపెనీ కోసం ఈయనను కూలదోసిందని ఒక కథ. కమ్యూనిస్టుల చేతిలో కీలుబొమ్మ అయ్యాడని ఇంకో కథ. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, ఆ మాట కూడా చెబుతాను. కానీ నన్ను పట్టుకుని వదలనిది మూడో సంగతి. ఈయన సైనికుడు. సైన్యం ఈయనకు చదువిచ్చింది, అన్నం పెట్టింది, అధికారంలోకి తెచ్చింది. నలభై ఏళ్ల వయసులో దించిందీ ఆ సైన్యమే. సరిహద్దు దాటి వచ్చిన దండు కాదు, సొంత సైన్యం. ఇది గుర్తుపెట్టుకుని వినండి.

గ్వాటెమాలా మెక్సికోకు దక్షిణాన ఉన్న చిన్న దేశం. అప్పట్లో జనాభా ముప్పై లక్షలకు కాస్త తక్కువ. అందులో సగానికి పైగా మాయా తెగల ప్రజలు, ఆ నేల సొంతదారులు. సొంతదారులు అన్నాను గానీ నేల మాత్రం వారి చేతిలో లేదు. 1950 లెక్కల ప్రకారం నూటికి ఇద్దరు భూస్వాముల చేతిలో సాగుభూమిలో 70 శాతానికి పైగా ఉంది. కాఫీ, అరటి ఎగుమతి చేసి బతికే దేశం.

1931 నుంచి 1944 దాకా ఆ దేశాన్ని ఏలినవాడు జనరల్ హోర్హె ఉబికో. తనను నెపోలియన్‌తో పోల్చుకునే మనిషి. 1934లో ఒక చట్టం తెచ్చాడు. భూమి లేనివాడు, చాలినంత భూమి లేనివాడు ఏడాదికి 100 నుంచి 150 రోజులు ఇతరుల పొలంలో పనిచేసి తీరాలి. చేసినట్టు ఒక చిన్న పుస్తకంలో రాయించుకుని జేబులో పెట్టుకు తిరగాలి. పోలీసు అడిగితే చూపాలి. పుస్తకంలో రోజులు తక్కువ పడితే జైలు. ఇక్కడ కూర్చున్న పెద్దలకు వెట్టి అంటే ఏమిటో నేను చెప్పక్కరలేదు. అక్కడ అదే వెట్టిని చట్టంగా అచ్చువేశారు, అంతే తేడా.

ఆర్బెన్స్ 1913 సెప్టెంబరు 14న కెట్‌సాల్తెనాంగో అనే కొండ పట్టణంలో పుట్టాడు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వచ్చి మందుల దుకాణం పెట్టుకున్నాయన. బాగా సంపాదించాడు. కానీ మందులమ్మే మనిషే మార్ఫిన్‌కు బానిసయ్యాడు. వ్యాపారం మునిగింది. తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. పెద్ద చదువులు చదవాలనుకున్న కుర్రవాడికి డబ్బు లేదు. అప్పుడు తెరుచుకున్న ఒకే ఒక తలుపు సైనిక అకాడమీ. పేరు ఎస్కుయెలా పొలితెక్నికా. ఉపకారవేతనం ఇచ్చి చేర్చుకుంటుంది. 1932లో చేరాడు, 1935లో అధికారిగా బయటికి వచ్చాడు. సైన్యం మీద మోజుతో వెళ్లినవాడు కాదు, గత్యంతరం లేక వెళ్లినవాడు. అయినా ఆ అకాడమీ చరిత్రలో అరుదైన విద్యార్థుల్లో ఒకడుగా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అక్కడే పాఠాలు చెప్పాడు.

మధ్యలో కొంతకాలం సాన్ హోసె కోటలో ఉద్యోగం. ఏం పని? కాళ్లకు గొలుసులు వేసిన ఖైదీలను కూలి పనికి తోలుకెళ్లి కాపలా కాయడం. అకాడమీలో ప్రథమ శ్రేణి, కోటలో మేస్త్రీ పని. ఉబికో సైన్యమంటే అది. పై జనరళ్లకు వైభోగం, కింది అధికారికి జీతం చాలదు, గౌరవం అంతకన్నా లేదు.

1939లో పెళ్లి చేసుకున్నాడు. భార్య మరియా విలనోవా. పొరుగున ఉన్న ఎల్ సాల్వడార్ దేశపు భూస్వామి కుటుంబం పిల్ల. తల్లిదండ్రులకు ఇష్టం లేని పెళ్లి, అల్లుడి జీతం చూసి. ఈమె గురించి ఒక్క మాట చెప్పాలి. అధ్యక్షుడి భార్య అని పక్కన పెట్టేయకండి. చదివేది, వాదించేది, ఆయన చేత చదివించేది. ఆయన సహజంగా మాట తక్కువ మనిషి. రాజకీయం వైపు ఆయనను నడిపించిన వారిలో ముందుండేది ఈవిడే.

1944కు వద్దాం. వేసవిలో విద్యార్థులు, ఉపాధ్యాయులు వీధుల్లోకి వచ్చారు. జూన్ 25న ఊరేగింపు మీద కాల్పులు జరిపితే మరియా చిన్‌చియా అనే ఉపాధ్యాయురాలు చనిపోయింది. వారం తిరక్కుండా జూలై 1న ఉబికో దిగిపోయాడు. దిగిపోయి ఏం చేశాడు? తన మనుషులనే కుర్చీలో పెట్టి పోయాడు. పొన్సె అనే జనరల్ గద్దెనెక్కి, ఎన్నికలంటూనే పాత పద్ధతిలో పాలన మొదలుపెట్టాడు. అప్పుడు కెప్టెన్ ఆర్బెన్స్ సైన్యం నుంచి తప్పుకుని ఎల్ సాల్వడార్ వెళ్లాడు. అక్కడ కూర్చుని తిరుగుబాటుకు మనుషులను కూడగట్టాడు.

అక్టోబరు 20. రాజధానిలో ట్యాంకులున్న దళం పేరు గార్డియా దె ఓనర్. దాని లోపల ఉన్న మేజర్ ఫ్రాన్సిస్కో అరానా తిరుగుబాటులో చేరాడు. ఆర్బెన్స్ వెంట విద్యార్థులు, పౌరులు వచ్చారు, వారికి తుపాకులిచ్చారు. తెల్లవారేసరికి కోటల మీద గుండ్లు పడుతున్నాయి. పొన్సె పారిపోయాడు. అరానా, ఆర్బెన్స్, హోర్హె తొరియెయో అనే పౌరుడు, ముగ్గురూ కలిసి తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఒక ప్రశ్న. తుపాకీతో అధికారం పట్టిన సైనికాధికారులు సాధారణంగా ఏం చేస్తారు? మనం ఎన్ని దేశాల్లో చూడలేదు? ఆరు నెలల్లో ఎన్నికలంటారు, ఆరు నెలలు ఇరవై ఏళ్లవుతాయి. వీళ్లు అలా చేయలేదు. డిసెంబరులో ఎన్నికలు పెట్టారు. అర్జెంటీనాలో పాఠాలు చెప్పుకుంటున్న హువాన్ హోసె అరెవాలో అనే తత్త్వశాస్త్ర ఆచార్యుడు 85 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. 1945 మార్చి 15న ఆయన చేతికి అధికారం అప్పగించి పక్కకు జరిగారు. కానీ పూర్తిగా జరిగారా?

ఇక్కడే తిరకాసు. 1945 రాజ్యాంగంలో ఒక ఏర్పాటు చేసుకున్నారు. సాయుధ దళాల అధిపతి అని ఒక పదవి. ఆ మనిషిని అధ్యక్షుడు తీసేయలేడు, చట్టసభ మాత్రమే తీయగలదు. ఆ పదవి అరానాకు. ఆర్బెన్స్‌కు రక్షణ మంత్రి పదవి. అంటే ఎన్నికైన ప్రభుత్వం ఒక పక్క, దాని మాట వినవలసిన అవసరం లేని సైన్యం ఇంకో పక్క. ఆ రోజు ఇది విప్లవానికి రక్షణ అనుకున్నారు. తర్వాత విప్లవానికి ఉరితాడు అయింది ఇదే.

1949 నాటికి అరానా అరెవాలోకు గడువు పెట్టాడు, మంత్రివర్గం మార్చు, లేకపోతే దించేస్తాం అని. జూలై 18న అమాతిత్లాన్ దగ్గర ప్వెంతె దె లా గ్లోరియా అనే వంతెన మీద అరానాను అరెస్టు చేయడానికి మనుషులు వెళ్లారు. కాల్పులు జరిగాయి, అరానా చనిపోయాడు. ఈ మచ్చ ఆర్బెన్స్ పేరు నుంచి చెరగలేదు. అభిమానులు దీన్ని దాటవేసి వెళ్లిపోతుంటారు, అది సరికాదు. ప్రభుత్వం నిజం చెప్పకుండా దాచింది కూడా. అరానా దళం తిరగబడింది. అప్పుడేం చేశారు? కార్మిక సంఘాల వారికి, విద్యార్థులకు ఆయుధాలు పంచారు. విశ్వాసంగా నిలిచిన సైనికులు, ఆయుధాలు పట్టిన పౌరులు కలిసి తిరుగుబాటును అణచారు. పౌరులకు తుపాకులు. ఈ ముక్క మళ్లీ వస్తుంది.

1950 చివర్లో జరిగిన ఎన్నికల్లో ఆర్బెన్స్ దాదాపు 65 శాతం ఓట్లతో గెలిచాడు. 1951 మార్చి 15న పదవి స్వీకరిస్తూ తన లక్ష్యం చెప్పాడు. ఈ అర్ధభూస్వామ్య దేశాన్ని ఆధునిక పెట్టుబడిదారీ దేశంగా మారుస్తాను అన్నాడు. సరిగ్గా విన్నారా? పెట్టుబడిదారీ దేశంగా. తర్వాత ఏ ముద్ర వేసి తరిమారో తెలుసు కాబట్టి అడుగుతున్నాను.

నెల తిరిగాక, ఏప్రిల్ 18న, మన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావేకు వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఈ ఊళ్లకూ ఆ ఊళ్లకూ సంబంధమేమీ లేదు. కానీ ఆ ఏళ్లలో భూమి ప్రశ్న ప్రపంచమంతా ఒకేసారి తలెత్తి నిలబడింది. మనవాళ్లు దానం అడిగారు. ఆర్బెన్స్ చట్టం రాశాడు.

ఆ చట్టం పేరు డిక్రీ 900. 1952 జూన్ 17. ఇది చదవవలసిన చట్టం, నిజంగా. ఎందుకంటే ఇందులో ఆవేశం లేదు, లెక్క ఉంది. సుమారు 670 ఎకరాలకు మించిన ఎస్టేటులో సాగు చేయని భూమి ఉంటే తీసుకుంటారు. 224 నుంచి 670 ఎకరాల లోపు వారికి, మూడింట రెండు వంతులు సాగులో ఉంటే జోలికి రారు. దానికన్నా చిన్న రైతును అసలు ముట్టుకోరు. సాగు చేస్తున్నావా, ఎంత పెద్దవాడివైనా నీ సాగు నీదే. బీడు పెట్టావా, ఇచ్చెయ్. పరిహారం ఉంటుంది, ప్రభుత్వ బాండ్లలో, మూడు శాతం వడ్డీతో. తీసుకున్నవాడు ఊరికే తీసుకోడు, పంటలో చిన్న భాగం ఏటా ప్రభుత్వానికి కడతాడు. ఏ భూమి బీడో తేల్చేది ఎవరు? రాజధానిలో కూర్చున్న అధికారి కాదు. ఊరూరా వ్యవసాయ సంఘాలు పెట్టారు, కూలివాడే వెళ్లి ఫిర్యాదు ఇవ్వవచ్చు. మూడు తరాలుగా దొర ముందు తల ఎత్తనివాడు కాగితం పట్టుకుని ఫలానా భూమి బీడు పడి ఉందని చెప్పడం! పద్దెనిమిది నెలల్లో దాదాపు లక్ష కుటుంబాలకు భూమి అందింది. ఆర్బెన్స్ సొంత భూమి 1,700 ఎకరాలు కూడా ఇదే చట్టం కింద పోయింది.

ఇక కంపెనీ. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ, అమెరికాలోని బోస్టన్‌ది. గ్వాటెమాలాలో అయిదున్నర లక్షల ఎకరాలున్నాయి. అట్లాంటిక్ వైపు ఉన్న ఒకే ఒక రేవు ప్వెర్తో బారియోస్ వారి అదుపులోనే. రేవు దాకా వెళ్లే రైలు మార్గమూ వారిదే. అక్కడి జనం దానికి ఆక్టోపస్ అని పేరు పెట్టారు. దాని భూమిలో దాదాపు 85 శాతం బీడు. కంపెనీ వైపు వాదన కూడా చెప్పాలి కదా. అరటికి పనామా తెగులు వస్తుంది, నేల వదిలి కొత్త నేలకు మారాలి, అందుకే నిలవ ఉంచుకున్నాం అన్నారు. పూర్తిగా అబద్ధం కాదు. కానీ అంత నిలవా?

పరిహారం లెక్క వినండి, ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. తొలి విడతలో తీసుకున్నది 2,34,000 ఎకరాలు. ప్రభుత్వం ఇస్తానన్నది 6,27,572 డాలర్లు. కంపెనీ తరఫున అమెరికా విదేశాంగ శాఖ అడిగింది 1,58,54,849 డాలర్లు. పాతిక రెట్లు. ప్రభుత్వం ఆ చిన్న అంకె ఎక్కడినుంచి తెచ్చింది? కంపెనీ రాసిచ్చిన కాగితం నుంచే. పన్ను తక్కువ కట్టడానికి తన భూమి విలువ ఇంతే అని కంపెనీ ఏళ్ల తరబడి సొంతంగా ప్రకటించుకుంది. మీరు చెప్పిన ధరే ఇస్తున్నాం, తీసుకోండి అన్నాడు ఆర్బెన్స్. నవ్వుతున్నారు. నవ్వొస్తుంది మరి, రిజిస్ట్రేషను కాగితంలో ఒక ధర, బేరంలో ఒక ధర అనేది మన ఊళ్లలో తెలియనిది ఎవరికి?

ఇంకో సంగతి. రైలును, రేవును జాతీయం చేయలేదు ఆయన. పక్కనే అట్లాంటిక్ దాకా రోడ్డు వేయడం మొదలుపెట్టాడు, సాంతో తోమాస్ దగ్గర కొత్త రేవు కట్టిస్తానన్నాడు. పోటీ పెట్టి ఓడించాలన్న ఆలోచన. రవాణా దారి తెలిసిన సైనికుడి బుర్ర అది.

తప్పులు లేవా? ఉన్నాయి. 1953లో సుప్రీంకోర్టు భూసంస్కరణ కేసులో అడ్డుపడితే చట్టసభ నలుగురు న్యాయమూర్తులను తొలగించింది. ఎంత మంచి చట్టం కోసమైనా అది మంచి పని కాదు. కమ్యూనిస్టుల సంగతి కూడా దాచనక్కరలేదు. చట్టసభలో వారు నలుగురే, మంత్రివర్గంలో ఒక్కరూ లేరు. కానీ ఆర్బెన్స్‌కు దగ్గరి మిత్రుడు, ప్రసంగాలు రాసిపెట్టేవాడు హోసె మాన్యుయెల్ ఫోర్తునీ ఆ పార్టీ నాయకుడే. భూసంస్కరణ చట్టం తయారీలో వారి చేయి ఉంది. 1957లో, పదవి పోయాక, ఆర్బెన్స్ ఆ పార్టీలో చేరాడు కూడా. కాబట్టి వాషింగ్టన్ వారు గాలిలోంచి పుట్టించారని నేననను. కానీ బీడు భూమిని కౌలుదారుకు, కూలివాడికి పంచితే సోవియట్ కుట్ర అని ఎలా అవుతుంది? జపాన్‌లో అమెరికా సైన్యం కూర్చుని అంతకన్నా గట్టి భూసంస్కరణ చేయించింది అప్పటికి అయిదారేళ్ల క్రితమే.

అమెరికాలో 1953లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా వచ్చాడు. విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, గూఢచారి సంస్థ అధిపతి ఆయన తమ్ముడు అలెన్ డల్లెస్. ఆ అన్న పనిచేసిన న్యాయవాద సంస్థ ఒకప్పుడు అరటి కంపెనీ తరఫున పనిచేసింది. అరటి కోసం చేశారా, కమ్యూనిజం భయంతో చేశారా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఒక చమత్కారం చెబుతాను. ఆర్బెన్స్ కూలిన కొద్ది రోజులకే, 1954 జూలైలో, అదే కంపెనీ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది అమెరికా ప్రభుత్వమే! కాబట్టి ఒక్క అరటితో ఈ కథ మొత్తం తేలదు.

ఆర్బెన్స్‌ను దించే దాడికి నాయకుడుగా ఆ గూఢచారి సంస్థ ఎంచుకున్నది కాస్తియో అర్మాస్ అనే కల్నల్‌ను. ఎవరాయన? అదే అకాడమీ విద్యార్థి. 1950లో ఒకసారి తిరుగుబాటు ప్రయత్నించి గాయపడి, జైలు నుంచి తప్పించుకున్నవాడు. 1954 జూన్ 18న హోండురాస్ సరిహద్దు దాటాడు. వెంట ఎంత మంది? సుమారు 480 మంది. దేశ సైన్యం వేలల్లో ఉంది. లెక్క ప్రకారం అది యుద్ధమే కాదు.

మరి ఏం జరిగింది? రేడియో. ‘విమోచన స్వరం’ అనే పేరుతో దేశంలోనే ఎక్కడో అడవిలో నుంచి మాట్లాడుతున్నట్టు ప్రసారాలు. మాట్లాడేది మాత్రం దేశం బయటి నుంచి. వేలమంది వస్తున్నారు, ఫలానా ఊరు పడిపోయింది, అన్నీ కల్పన. ఆకాశంలో కొన్ని విమానాలు. జనం వాటికి సుల్ఫాతో అని పేరు పెట్టారు, విరేచనాల మందు పేరు. వాటి చప్పుడు వింటే ప్రభుత్వం వారి కడుపులో అదే పని జరిగేదని హాస్యం. చెడ్డ రోజుల్లోనూ జనానికి హాస్యం పోదు.

ఇక యుద్ధభూమి. గ్వాలాన్ అనే చిన్న ఊళ్లో సిల్వా హిరోన్ అనే లెఫ్టినెంట్ ఉన్నాడు. వెంట ముప్పై మంది సైనికులు. పైనుంచి సహాయం రాలేదు. వందకు పైగా వచ్చిన దాడిదారులను ముప్పై ఆరు గంటలు ఎదిరించి తరిమేశాడు. ప్వెర్తో బారియోస్ రేవులో పోలీసులు, రేవు కూలీలు కలిసి మరో దండును వెనక్కు పంపారు. అంటే పోరాడినచోట గెలిచారు. ముప్పై మంది గెలిచారు, కూలీలు గెలిచారు. మరి ఓడింది ఎవరు?

పోరాడనివాళ్లు. ఆర్బెన్స్ మంచి సైనిక దళాలను జకాపా అనే పట్టణానికి పంపాడు. సరిహద్దులోనే కొట్టకండి, హోండురాస్‌తో యుద్ధమని వంక దొరుకుతుంది, లోపలికి రానిచ్చి కొట్టండి అన్నాడు. వ్యూహం తప్పు కాదు. కానీ జకాపాలో అధికారులు శిబిరాల్లో కూర్చున్నారు, కదల్లేదు. వారికి కాస్తియో అర్మాస్ అంటే భయం లేదు. అతడిని కొడితే వెనక అమెరికా నౌకాదళ సైనికులు దిగుతారని భయం. గ్వాటెమాలా సైన్యానికి శిక్షణ ఇచ్చే అమెరికా సైనిక బృందం ఆ రోజుల్లోనూ రాజధానిలోనే ఉంది, ఆ భయాన్ని పెంచి పోషించడానికి వేరే ఎవరూ అక్కరలేదు. ఒక వారం గడిచాక జకాపా నుంచి కబురు వచ్చింది, రాజీనామా చేయకపోతే మేమే కాస్తియో అర్మాస్‌తో ఒప్పందం చేసుకుంటాం అని. ఆర్బెన్స్ పౌరులకు ఆయుధాలు పంచమన్నాడు, 1949లో పంచినట్టు. ఈసారి సైన్యం కుదరదంది. ఆయుధాలు దాచిన గదుల తాళాలు వారి చేతిలోనే ఉన్నాయి కదా.

జూన్ 27 రాత్రి రేడియోలో రాజీనామా ప్రకటించాడు. మిత్రుడు కల్నల్ దియాస్‌కు పదవి అప్పగించాను, విప్లవ ఫలితాలు నిలుస్తాయి అనుకున్నాడు. అమాయకత్వమే. దియాస్ రెండు రోజులు నిలవలేదు. జూలైలో కాస్తియో అర్మాస్ గద్దెనెక్కాడు. భూములు వెనక్కు పోయాయి. చదువురానివారి ఓటు హక్కు పోయింది, అంటే మాయా ప్రజల్లో అత్యధికులది.

తర్వాత చాలామంది చెప్పని ముచ్చట ఒకటుంది. ఆగస్టు 2న అదే ఎస్కుయెలా పొలితెక్నికాలోని కుర్రవాళ్లు, ఇంకా మీసాలు రానివాళ్లు, కాస్తియో అర్మాస్ దండు విడిది చేసిన రూజ్‌వెల్ట్ ఆసుపత్రి మీద దాడి చేసి లొంగదీసుకున్నారు. కల్నళ్లు చేయలేనిది విద్యార్థులు ఒక రోజులో చేశారు. తర్వాత వారిని శిక్షించారనుకోండి. కానీ ఆ 480 మంది ఎంత బలవంతులో ఆ రోజు అందరికీ తెలిసింది, అయిదు వారాలు ఆలస్యంగా.

ఆర్బెన్స్ మెక్సికో రాయబార కార్యాలయంలో 73 రోజులు తలదాచుకున్నాడు. దేశం వదిలే రోజు విమానాశ్రయంలో నగలు దాచాడేమో అంటూ అందరి ముందు బట్టలు విప్పించి సోదా చేసి ఫొటోలు తీశారు. అక్కడినుంచి ప్రవాసం. తండ్రి దేశం స్విట్జర్లాండ్ వెళితే గ్వాటెమాలా పౌరసత్వం వదులుకుంటేనే ఉండనిస్తామన్నారు. వదులుకోలేదు. పారిస్, ప్రాగ్, మాస్కో, ఉరుగ్వే, క్యూబా. క్యూబాలో గౌరవించారు గానీ, క్యూబా గ్వాటెమాలా కాదు అని ఆయన ఎదుటే నినాదాలిచ్చేవారు. పోరాడకుండా దిగినవాడన్న మాట అందులో ఉంది. 1965లో పెద్ద కూతురు ఆరబెయా బొగొటాలో ఆత్మహత్య చేసుకుంది. ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. 1971 జనవరి 27న మెక్సికో నగరంలో స్నానాల తొట్టిలో చనిపోయి కనిపించాడు. అస్థికలు దేశానికి చేరింది 1995లో. 2011 అక్టోబరు 20న అధ్యక్షుడు అల్వారో కోలోమ్ ప్రభుత్వం తరఫున ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పాడు. ఆ మధ్యలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచింది. రెండు లక్షల మంది చనిపోయారు లేదా మాయమయ్యారు. ఎవరో తేలినవారిలో నూటికి 83 మంది మాయా ప్రజలని సత్యశోధన సంఘం 1999లో తేల్చింది. చంపిన చేతుల్లో అత్యధికం ఆ సైన్యానివే.

ఇక్కడికి రాకముందు ఒకరు నన్ను అడిగారు, తుపాకులు పంచి ఉంటే ఆయన గెలిచేవాడా అని. నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. జూన్ 25న పంచినా లాభం లేదు, అప్పటికే ఆలస్యం. 1949లో ఆయుధాలు పట్టిన ఆ కార్మికులను అక్కడే నిలిపి, చట్టబద్ధమైన పౌరదళంగా మార్చి ఉంటే సంగతి వేరు. ఎందుకు మార్చలేదు? సాటి అధికారులు నొచ్చుకుంటారని. వారి జీతాలు పెంచాడు, పదవులిచ్చాడు, వారి వ్యవహారాల్లో వేలు పెట్టలేదు. భూస్వామి దగ్గర బీడు ఎంతుందో ఎకరాలతో సహా లెక్క తీసినవాడు, తన సొంత సైన్యాన్ని మాత్రం లెక్క అడగలేదు. తాను అందులోంచి వచ్చినవాడు కాబట్టి వారూ తనలాంటివారే అనుకున్నాడు. ఇది నా వాదన. ఆ ఎరుపు చొక్కా ఆయన ఒప్పుకోనట్టు తల ఊపుతున్నారు, చాలాసేపటి నుంచి చూస్తున్నాను. ముందు మీరే మాట్లాడండి, మైకు అందిస్తారు.